మా తరగతిది కాదు

ఇప్పలగడ్డ ప్రాథమిక పాఠశాలలో రెండో తరగతి పిల్లలు ఏడుగురికీ తెలియవలసిన దానికంటే ఎక్కువ తెలుసునన్న సంగతి జూలై నెల మూడో గురువారం, పొద్దున పదకొండు గంటలకు బయటపడింది. అంతవరకూ ఆ బడి మీద ఎవరికీ ఏ ఫిర్యాదూ లేదు.

బయటపెట్టినవాడు దేవేందర్. మండలంలోని ఇరవైరెండు బడులు తిరిగి, ఏ పిల్లకు ఎంత వచ్చునో ట్యాబ్‌లో ఎక్కించడం అతని ఉద్యోగం. ఆ ఏడు 'సమస్థాయి' అని కొత్త కార్యక్రమం వచ్చింది. ట్యాబ్ ప్రశ్న అడుగుతుంది, పిల్ల జవాబు చెబుతుంది. పిల్ల ఎక్కడ ఆగిపోతే అక్కడ దేవేందర్ టిక్కు పెట్టాలి. ఇరవై బడుల్లో పిల్లలు బుద్ధిగా ఆగారు. ఇప్పలగడ్డలో శ్రీనిత అనే పిల్ల ఆగలేదు.

రెండో తరగతి ప్రశ్నలు ముప్పై అయిపోయాయి. ట్యాబ్ కాసేపు తిరిగి తిరిగి మూడో తరగతి ప్రశ్నలు తీసింది. అవీ అయిపోయాయి. నాలుగో తరగతిలో రెండు అడిగి, తెర ఎర్రబడి, 'పరిధి దాటినది' అని రాసి బిగుసుకుపోయింది.

"ఆగవేందే నువ్వు?" అన్నాడు దేవేందర్ చెమట తుడుచుకుంటూ.

"మీరే అడుగుతున్నరు గద సార్," అంది శ్రీనిత.

దేవేందర్ ట్యాబ్ పట్టుకుని లక్ష్మీరాజం దగ్గరికి వచ్చాడు. లక్ష్మీరాజం ఆ బడికి ప్రధానోపాధ్యాయుడు. ప్రస్తుతం ఏకైక ఉపాధ్యాయుడు కూడా. అయిదు తరగతుల పిల్లలు పంతొమ్మిది మందీ ఒకే గదిలో, ఆయన ముందే కూర్చుంటారు.

"సార్, గీ పొల్ల ఆగుతలేదు."

"ఎక్కడ ఆగాలె?"

"యాడనో ఒక కాడ ఆగాలె సార్. ఆగిన కాడ నేను టిక్కు పెట్టాలె. ఆగకపోతే టిక్కు యాడ పెట్టాలె? నా కొలువు పోతది."

మిగిలిన ఆరుగురిని కూడా పిలిచి అడిగారు. వర్షిత్ అనేవాడు మూడో తరగతి మధ్యలో కాసేపు తడబడి ఆశ పుట్టించాడు గాని, ముక్కు చీది వచ్చి సరైన జవాబే చెప్పాడు. ఏడుగురికి ఏడుగురూ ఎర్రబడ్డారు.

*

నాలుగు రోజులకు మండల విద్యాధికారి పురుషోత్తం గారి దగ్గరి నుంచి పిలుపు వచ్చింది. ఆయన బల్ల మీద ఒక కొత్త ఫైలు ఉంది. దాని మీద 'అభ్యసన ఫలితాల పరిధి అతిక్రమణ, ఇప్పలగడ్డ' అని ఉంది.

"కూర్చోండి లక్ష్మీరాజం గారూ. మీ పాఠశాలకు సంబంధించి ఒక సున్నితమైన అంశం మా దృష్టికి తీసుకురాబడింది. ఏడుగురు విద్యార్థులు. నూటికి నూరు శాతం అతిక్రమణ."

"పిల్లలకు చదువొచ్చింది సార్."

"అదే కదా అంశం!" అన్నాడు పురుషోత్తం గారు. ఆయన చెడ్డ మనిషి కాదు. టీ తెప్పించాడు. ఒక తెల్లకాగితం తీసుకుని కింది నుంచి పైకి ఒక గీత గీశాడు. "ఇది ప్రగతి. జూలైలో నలభై ఉన్న పిల్లవాడు మార్చి నాటికి ఎనభైకి రావాలి. ప్రభుత్వం వారు రెట్టింపు ప్రగతి సాధించవలసిందిగా లక్ష్యం నిర్దేశించివున్నారు. మీ పిల్లలు జూలైలోనే తొంభై దగ్గర ఉన్నారు. మార్చికి వాళ్ళను నూటెనభైకి తేవాలి. నూటికి నూటెనభై మీరు ఎక్కడి నుంచి తెస్తారు?"

లక్ష్మీరాజం ఆలోచించాడు. "తేలేను సార్," అన్నాడు.

"తేలేరు. అప్పుడు మీ బడిలో ప్రగతి సున్నా. మండలం సగటు పడిపోతుంది, దానితో జిల్లా సగటు. ఏమీ రాని పిల్లల్ని మేం భరించగలం, వాళ్ళకు అవకాశం ఉంది. అన్నీ వచ్చిన పిల్లల్ని ఏం చెయ్యాలో నిబంధనల్లో లేదు. అసలు వీళ్ళకు ఇదంతా ఎవరు చెప్పారు?"

"మా ఇంటామె సార్. సువర్ణ. ఒకటి, రెండు తరగతులు ఆమెనే చూసేది."

"అయితే ఆమె నుంచి సంజాయిషీ తీసుకుందాం," అంటూ పురుషోత్తం గారు కలం మూత తీశాడు. తీసినవాడు ఆగిపోయాడు.

"ఆమె లేదు సార్," అన్నాడు లక్ష్మీరాజం. "మాఘమాసంల పోయింది."

"అయ్యో. నేనే వచ్చాను కదా. నా చేత్తోనే దండ వేశాను." పురుషోత్తం గారు కాసేపు కిటికీ వైపు చూశాడు. అది నిజమైన బాధే. తరవాత ఫారం వైపు చూశాడు. బాధ్యులైన ఉపాధ్యాయురాలి ప్రస్తుత స్థితి అన్నచోట 'బదిలీ', 'పదవీ విరమణ', 'దీర్ఘకాలిక సెలవు' అని మూడే గడులు ఉన్నాయి.

"దీర్ఘకాలిక సెలవు పెడదామా?" అన్నాడు మెల్లగా. "కొంచెం దగ్గరగా ఉంది."

లక్ష్మీరాజం తల ఊపాడు.

తరవాత పురుషోత్తం గారు ఉత్తర్వు చదివి వినిపించాడు. సదరు ఏడుగురు విద్యార్థుల వద్ద ఉన్న అధిక అభ్యసనాన్ని పద్నాలుగు పనిదినాల్లో ఉపసంహరించి, వారిని రెండో తరగతి స్థాయికి తీసుకురావలెను. అట్లు కానిచో వారిని మండల కేంద్రంలోని సమస్థాయి కేంద్రానికి తరలించి, వసతిగృహంలో ఉంచి, మార్చి వరకు స్థాయీకరించవలసి ఉంటుంది.

ఇంటికి వస్తూ లక్ష్మీరాజం ఆ ఏడుగురి గురించే ఆలోచించాడు. సువర్ణ దగ్గర అక్షరాలు దిద్దిన ఆఖరి పిల్లలు వాళ్ళు. ఆమె చీరలు అక్కచెల్లెళ్ళు తీసుకున్నారు. కళ్ళజోడు సొరుగులో ఉంది. ఆమె చెప్పిన పాఠం మాత్రం ఈ ఏడుగురి దగ్గర, ఇంకా వాడుకలో ఉంది. దాన్నే వెనక్కి తీసుకోమంటున్నారు.

*

ఎలా వెనక్కి తీసుకోవాలో నేర్పడానికి జిల్లా కేంద్రంలో రెండు రోజుల శిక్షణ పెట్టారు. లక్ష్మీరాజం లాంటివాళ్ళు జిల్లా మొత్తం మీద నలభైమంది తేలారు. ఒకే గదిలో అయిదు తరగతులు నడిచే బడులే అన్నీ. మూడో తరగతికి చెప్పేది రెండో తరగతి చెవిన పడుతుంది, పడ్డది దులుపుకుంటే పోదు. దీనికి పైవాళ్ళు 'అభ్యసన లీకేజీ' అని పేరు పెట్టారు.

శిక్షకురాలు హైమావతి మేడం రాజధాని నుంచి వచ్చింది. చేతిలో పచ్చ అట్ట పుస్తకం. ఏ తరగతికి ఏ సబ్జెక్టులో ఏమేమి తెలియాలో అన్నీ అందులో ఉన్నాయి. గోడ మీద బ్యానరు: 'ఆడుతూ పాడుతూ మరచిపోదాం'.

"మిత్రులారా, మరపు అనేది శిక్ష కాదు," అంది మేడం. "అది పిల్లవాడి హక్కు. ఒత్తిడి లేకుండా, కృత్యాధారంగా, ఆనందదాయకంగా మరచిపోయే వాతావరణాన్ని మనం కల్పించాలి. చివర నేర్చినది ముందు తీసెయ్యాలి. మొదట భాగహారం, తరవాత గుణకారం. ఎప్పుడూ కూడిక నుంచి మొదలుపెట్టకండి, పునాది కదిలిపోతుంది."

నలభైమందీ రాసుకున్నారు.

రెండో తరగతి ఎల్లలు ఒక్కొక్కటిగా గీసి చూపించింది మేడం. కూడికలో పది దాటి పక్కకు మోసుకుపోవడం మూడో తరగతిది. గడియారంలో పూర్తి గంటలే రెండో తరగతివి, అరగంట మూడో తరగతిది. తెలుగులో సంయుక్తాక్షరాలు మూడో తరగతివి. ఇంగ్లిష్‌లో పండ్లు అయిదు, ఆరో పండు మూడో తరగతిది. పరిసరాల విజ్ఞానం మూడో తరగతి నుంచే మొదలవుతుంది గనక, రెండో తరగతి పిల్లలకు పరిసరాలు ఉండవు.

వెనక బెంచీలోంచి ఒక సారు లేచాడు. "మేడం, మా బడి తొమ్మిదిన్నరకు. అరగంట తెల్వకపోతే పిల్లలు ఎప్పుడు రావాలె?"

"తొమ్మిదికైనా రావచ్చు, పదికైనా రావచ్చు. పిల్లవాడికి ఎంపిక చేసుకునే స్వేచ్ఛ ఉండాలి."

ఇంకొక టీచరు లేచింది. "మరిచిపోయిండ్రని ఎట్ల పరీక్ష పెట్టాలె మేడం?"

"చాలా చక్కటి ప్రశ్న. 'నువ్వు ఏమేమి మరచిపోయావో చెప్పు' అని అడగాలి. చెప్పగలిగితే మరచిపోనట్టు."

చప్పట్లు కొట్టారు.

మధ్యాహ్నం సెషన్‌లో మరపు వెనకున్న శాస్త్రం చెప్పింది మేడం. మనిషి మొదట మరచిపోయేది గొంతునట. ముఖం చాలా కాలం ఉంటుంది, గొంతు ముందుగా పోతుందట. లక్ష్మీరాజం అది కూడా పుస్తకంలో రాసుకున్నాడు. రాసినదాని కేసి కాసేపు చూసి, దాని మీద గీత కొట్టేశాడు.

*

ఆయన నియమం తప్పని మనిషి. ఇరవైఆరేళ్ళ సర్వీసులో పంపమన్న ఏ కాగితమూ ఆలస్యంగా పంపలేదు. శిక్షణ నుంచి తిరిగి బడికి వచ్చిన మొదటి రోజే గోడ గడియారం దింపి బీరువాలో పెట్టాడు. మూడో తరగతి పాఠం నడిచేటప్పుడు రెండో తరగతి పిల్లల చెవుల్లో దూది పెట్టాడు.

చెవులు మూసుకుంటే పిల్లలు నల్లబల్ల చదువుకున్నారు. వెనక గోడ వైపు తిరిగి కూర్చోమంటే, ఆ గోడ మీద పెద్దపెద్ద సంయుక్తాక్షరాలతో 'స్వచ్ఛత', 'ఆరోగ్యం' అని రాసి ఉంది, అది చదివారు. గడియారం లేకపోతే శ్రీనిత గడప మీద పడ్డ ఎండ చూసి, "పదకొండున్నర అయింది సారూ, అన్నం బండి వచ్చే యాళ్ళ," అంది.

"అరగంట మీకు లేదు బిడ్డా."

"లేదా? మరి ఎండ ఎందుకొచ్చింది సార్ గడప కాడికి?"

సంయుక్తాక్షరాల చిక్కు మరీ పెద్దది. శ్రీనిత పేరు సంయుక్తాక్షరంతోనే మొదలవుతుంది. ఆ పిల్ల తన పేరు తాను రాసుకుంటే అతిక్రమణ. లక్ష్మీరాజం పచ్చ అట్ట పుస్తకం రెండుసార్లు తిరగేసి, మూడో తరగతికి వెళ్ళేదాకా 'సీనిత' అని రాసుకొమ్మన్నాడు. ఆ పిల్ల పలక మీద అలాగే రాసి, దాన్ని దూరంగా పట్టుకుని చూసింది.

"ఇది నేను గాదు సార్," అని చెరిపేసింది.

మర్నాడు ఆ పిల్ల నాయనమ్మ రాజవ్వ బడికి వచ్చింది. తల్లీతండ్రీ బీడీల గోదాములో, ఇటుక బట్టీలో పనికి పోతే ఆ పిల్లను చూసుకునేది, ఆ పిల్ల చూసుకునేది, ఈ రాజవ్వనే. కొంగు ముడిలోంచి గోలీల అట్ట తీసి బల్ల మీద పెట్టింది.

"సారూ, నాకు బీపీ, షుగరు. మా పొల్లనే చీటీ సదివి ఇస్తది. పొద్దున ఒక గోలి, మాపటికి సగం గోలి. నిన్న మాపటికి అడిగితే 'సగం మాకు లేదట నాయనమ్మా, సగం మూడో తరగతిదట' అంటున్నది. ఏందిది?"

"పై నుంచి ఆర్డరొచ్చింది రాజవ్వా."

"ఆర్డరొస్తే రానియ్యి. నేనేం జెయ్యాలె జెప్పు. మాపటికి నిండు గోలి మింగాల్నా, మొత్తానికే మానుకోవాల్నా? నేను బోయినంక మీ ఆర్డరోళ్ళు వస్తరా మోయనీకి?"

లక్ష్మీరాజం గోలీల అట్ట చేతిలోకి తీసుకున్నాడు. రాజవ్వ ఆయన ముఖం చూసి కొంచెం తగ్గింది.

"మా సువర్ణ టీచరమ్మ ఉన్నప్పుడు గిట్లాంటి ఆర్డర్లు రాకపోయేటియి సారూ," అంది.

"వచ్చేటియి రాజవ్వా. నాకు చెప్పకపోయేది."

ఆ రోజు ఆయన ఉపసంహరణ ఆపేశాడు. పిల్లల్ని దగ్గరికి పిలిచి, వసతిగృహం సంగతి దాచకుండా చెప్పాడు. పరీక్ష చేయడానికి వస్తారు, పై తరగతి ప్రశ్న అడిగితే జవాబు చెప్పకండి, చెబితే తొమ్మిది కిలోమీటర్ల అవతల మార్చి దాకా ఉండాలి అన్నాడు.

పిల్లలు ఒప్పుకున్నారు. దేవేందర్ ఊరికే ఒకసారి అడిగి చూడటానికి వచ్చాడు.

"రెండూ మూడూ ఎంత?"

"రాదు సార్," అన్నాడు వర్షిత్.

"ఇది ఏం అక్షరం?"

"రాదు సార్."

"నీ పేరేంద్రా?"

"రాదు సార్."

ట్యాబ్ ఈసారి రెండో వైపు నుంచి ఎర్రబడింది. 'తరగతి స్థాయి కంటే దిగువ. తక్షణ జోక్యం అవసరం.' దేవేందర్ తల పట్టుకున్నాడు. "సార్, మరీ గంతగనం రాకున్నా గూడ అదే హాస్టలు సార్. సరిగ్గా గీత మీద నిలబడాలె. ఇటు గాదు, అటు గాదు."

లక్ష్మీరాజానికి ఇంకొక బాధ కూడా ఉంది. వచ్చినదాన్ని రాదనమని పిల్లలకు చెప్పడం ఏ తరగతి పుస్తకంలోనూ లేదు. సువర్ణ వింటే రెండు రోజులు మాట్లాడేది కాదు.

ఆ చిక్కు విప్పింది శ్రీనితే. ఆయన నల్లబల్ల మీద రెండు లెక్కలు వేశాడు. ఇరవైఏడూ పన్నెండూ మీది, ఇరవైఏడూ పదిహేనూ మీది కాదు అని చూపించాడు.

"ఒకట్ల కాడ పది దాటితే మాది గాదు. దాటకపోతే మాది. గంతేనా సార్?"

"గంతే."

"దాటిందో దాటలేదో చూడాల్నంటే కూడాలె గద సార్? ముందుగాల మొత్తం వస్తెనే, ఏది మాది గాదో తెలుస్తది."

లక్ష్మీరాజం సుద్దముక్క కింద పెట్టేశాడు. అప్పుడు ఆయన ఒక చార్టు తీసుకుని, పైన పెద్దగా 'మా తరగతివి కానివి' అని రాశాడు. 'రాదు' అనడం అబద్ధం. 'మా తరగతిది కాదు' అనడం నిజం. అందులో ఒక్క అక్షరం కూడా తప్పు లేదు.

కాకపోతే ఏవేవి కావో పూర్తిగా తెలియాలి. అందుకని మూడో తరగతి తెలుగు, లెక్కలు, ఇంగ్లిష్, పరిసరాల విజ్ఞానం అన్నీ పాఠం నంబర్లతో సహా చెప్పడం మొదలుపెట్టాడు. సగం, పావు, ముప్పావు మీవి కావు. బాగా చూడండి, గోలీని ఇట్లా సగం చేస్తారు, ఇది మీది కాదు. వేప, ఇప్ప, మోదుగ, వీటిలో ఏదీ మీది కాదు, ఆకు పట్టుకుని చూసి గుర్తు పెట్టుకోండి. మూడో తరగతి అయిపోయాక, నాలుగో తరగతిలోంచి అడిగితే ఎలాగని అది కూడా అందుకున్నాడు. గోడలు నాలుగూ నిండిపోయాయి. ఈ మధ్యలో మూడో తరగతి పిల్లలు తమవి కానివన్నీ నేర్చేసుకున్నారు.

ఇరవైఆరేళ్ళలో ఆ పది రోజులు చెప్పినంత చదువు ఆయన ఎన్నడూ చెప్పలేదు.

*

పరిశీలనకు హైమావతి మేడమే వచ్చింది, పురుషోత్తం గారిని, దేవేందర్‌ను వెంటబెట్టుకుని. పచ్చ అట్ట పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. పురుషోత్తం గారు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. దేవేందర్ పెదాలు కదుపుతున్నాడు, మొక్కుకుంటున్నాడో ఏమో.

"ఇరవైఏడూ పన్నెండూ?"

"ముప్పైతొమ్మిది మేడం," అంది శ్రీనిత.

"ఇరవైఏడూ పదిహేనూ?"

"అది మా తరగతిది కాదు మేడం. మూడో తరగతి, మూడో పాఠం. ఒకట్ల కాడ పన్నెండు వస్తది. రెండు ఈడ పెట్టి, ఒకటి పదుల కాడికి మోస్కపోవాలె. మేం మోస్కపోము."

"మరి జవాబు?"

"నలభైరెండు అని మూడో తరగతోళ్ళు చెప్తరు మేడం."

మేడం పుస్తకంలో చూసుకుంది. మూడో తరగతి, మూడో పాఠం. సరిగ్గా ఉంది. ఆమె కళ్ళజోడు సవరించుకుంది.

"నువ్వు చెప్పు బాబూ. ఆ కిటికీ బయట ఉన్నది ఏం చెట్టు?"

"మాకు పరిసరాలు లేవు మేడం," అన్నాడు వర్షిత్. "మూడో తరగతికి పోయినంక అది వేపచెట్టని తెలుస్తది."

పరీక్ష కోసం బీరువాలోంచి తీసి పెట్టిన గడియారం పదకొండున్నర చూపిస్తోంది. మేడం రేష్మా అనే పిల్లను టైమెంతని అడిగింది.

"పదకొండు అయిపోయింది మేడం. పన్నెండు ఇంకా కాలే. నడుమ ఉన్నది మాది గాదు."

హైమావతి మేడం లేచి నిలబడింది. "పురుషోత్తం గారూ! రాష్ట్రంలో ఎక్కడా నేను ఇంతటి పరిధి స్పృహ చూడలేదు. ఈ పిల్లలకు తమ హద్దు తెలుసు. హద్దుకు అవతల ఏముందో తెలుసు. తెలిసి కూడా దాటడం లేదు. ఇది మరపు కాదు. అంతకంటే ఉన్నతమైనది."

"అదే మేడం, మేం మొదటి నుంచీ గమనిస్తూనే ఉన్నాం," అన్నాడు పురుషోత్తం గారు.

ధ్రువపత్రం తీశారు. సంతకానికి ముందు పిల్లల హాజరు వెయ్యాలి. ముఖాలు చూసి హాజరు వేసే యాప్ జూన్‌లో వచ్చింది గాని, ఆ రోజు మబ్బులకు సిగ్నల్ లేదు. దేవేందర్ ట్యాబ్ పట్టుకుని వరండా చివరిదాకా పోయి వచ్చాడు. "రిజిస్టరు ఉందా?" అంది మేడం.

లక్ష్మీరాజం బీరువాలోంచి తెచ్చి ఇచ్చాడు. సువర్ణ పోయాక వేసవి సెలవుల దాకా ఆయన ఆ పిల్లలను తలలు లెక్కబెట్టి గీతలు పెట్టాడు. తరవాత యాప్ వచ్చింది. పేరు పెట్టి పిలవడం ఆ బడిలో మాఘమాసంతోనే ఆగిపోయింది.

మేడం పిలిచింది. "అజయ్."

అజయ్ లేచి నిలబడ్డాడు. "కరెంటు తీగ మీద పాలపిట్ట కూసున్నది," అని చెప్పి కూర్చున్నాడు.

మేడం తలెత్తి చూసింది. "ఈశ్వర్."

"మా బర్రె తొవ్వకు అడ్డం పండుకున్నది. నేను పొలం గట్టు మీదికెళ్ళి వచ్చిన."

"గంగోత్రి."

"గుంతల నీళ్ళల్ల మొగులు కనబడ్డది. తొక్కలే."

"రేష్మా."

"మా అబ్బా సైకిలుకు గాలి కొట్టిండు. పాము లెక్క సప్పుడైంది."

"వర్షిత్."

"ఏం చూళ్ళే మేడం. ఆలస్యమైతదని ఉరికొచ్చిన."

"శ్రీనిత."

"సాలెగూడు మొత్తం వాన చుక్కలు పడ్డయి. పురుగొక్కటి లేదు. సాలీడు ఉపాసమున్నది."

"హన్సిక."

"మీ కారు చూసిన మేడం."

లక్ష్మీరాజం తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు. ఎన్నో ఏళ్ళు పక్కగదిలో పొద్దున తొమ్మిదిన్నరకు సువర్ణ పేర్లు పిలుస్తుంటే, ఇవతల ఆయన తన మూడు తరగతుల చేత గట్టిగా ఎక్కాలు చెప్పించేవాడు. ఆ గదిలో పేరుకు ఏం పలుకుతారో ఆయన ఎన్నడూ వినలేదు. ఇంటికి వెళ్ళాక ఆమె చెప్పలేదు, ఆయన అడగలేదు.

"ఇదేమిటి? ఇది ఏ తరగతిది?" అంది మేడం.

"ఏ తరగతిది గాదు మేడం," అంది శ్రీనిత. "మా టీచరమ్మ పేరు పిలిస్తే, వచ్చేటప్పుడు తొవ్వల ఏం చూసినమో చెప్పాలె. మీరు పిలిచిండ్రు గద, చెప్పినం."

మేడం పచ్చ అట్ట పుస్తకం తెరిచింది. రెండో తరగతి చూసింది. మూడు, నాలుగు, అయిదు చూసింది. తెలుగులో లేదు, లెక్కల్లో లేదు, పరిసరాల్లో లేదు. అనుబంధంలో కూడా లేదు. పురుషోత్తం గారు కూడా వంగి వెతికాడు. లక్ష్మీరాజం తలుపు దగ్గరి నుంచి ఆ పేజీలే చూస్తున్నాడు. లెక్కలు, అక్షరాలు తీసేస్తే మళ్ళీ ఎవరైనా చెబుతారు. ఇది తీసేస్తే చెప్పేవాళ్ళు లేరు.

చివరికి మేడం పుస్తకం మూసింది.

"ఏ తరగతి ఫలితాల్లోనూ లేనిది అధిక అభ్యసనం కిందికి రాదు," అంది. "నిజానికి అభ్యసనం కిందికే రాదు. ఉపసంహరించనవసరం లేదు."

సంతకం పెట్టింది.

నెల తిరక్కుండా జిల్లా అంతటికీ ఉత్తర్వు వచ్చింది. ఇప్పలగడ్డ నమూనాలో ప్రతి బడిలోనూ రెండో తరగతి పిల్లలకు, తమవి కాని మూడు, నాలుగు తరగతుల పాఠాలన్నీ హద్దుల స్పృహ కోసం క్షుణ్ణంగా తెలియజేయవలెను. చూసిరావడానికి బస్సుల్లో టీచర్లు వచ్చారు. మార్చి నాటికి జిల్లాలో రెండో తరగతి పిల్లలు రెండువేల మంది తమకు ఏమేమి తెలియకూడదో గడగడా అప్పజెప్పారు.

అది తరవాతి మాట. పరిశీలన జరిగిన మర్నాడు పొద్దున సిగ్నల్ బాగానే ఉంది. లక్ష్మీరాజం యాప్ తెరవలేదు. రిజిస్టరు తెరిచి, కుర్చీలో కూర్చుని, ఒక్కొక్క పేరే పిలిచాడు. ఏడుగురూ చెప్పారు. మూడో తరగతివాళ్ళకు అది ఇంకా యాదిలోనే ఉంది, వాళ్ళూ చెప్పారు, వాళ్ళను చూసి ఒకటో తరగతివాళ్ళూ చెప్పారు. నాలుగు, అయిదు తరగతులవాళ్ళు తమ పేరు రాకముందే చేతులెత్తారు. పంతొమ్మిది గీతలు పెట్టేసరికి అరగంట పట్టింది.

ఆయన కలం మూత పెట్టబోతుంటే శ్రీనిత లేచింది.

"మీరేం చూసిండ్రు సారూ?"

లక్ష్మీరాజం ఏడు కిలోమీటర్లు బండి మీద వచ్చాడు. చెరువు కట్ట మీదుగా, మొక్కజొన్న చేల పక్కగా, రోజూ వచ్చే దారే. ఆయన జ్ఞాపకం చేసుకోబోయాడు. ఆ రోజుదే కాదు, అంతకుముందు ఆరు నెలల దారిలో కూడా ఏమీ దొరకలేదు.

"ఏం చూళ్ళే బిడ్డా," అన్నాడు.

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వర్షిత్ పెద్దమనసు చేసుకుని ముందుకు వచ్చాడు.

"ఫరవాలేదు సార్. రేపు జర మెల్లగ రాండ్రి," అన్నాడు. "నాకు గూడ టీచరమ్మ గట్లనే చెప్పేది."